మొదటి గొలుసు

పదిహేడో లైనులో తప్పుంటే
పద్దెనిమిదో లైను కింద పడేది ఎర్ర మెలిక.
ఏ పాపమూ ఎరగని లైను అది.
రిజిస్టరులో ఉన్న విలువని చిప్పు కాలికి చేర్చి
తన పని తాను చూసుకునేది.
వారం రోజులు దాన్నే అనుమానించాను,
తుడిచాను, తిరగరాశాను, చివరికి తిట్టాను కూడా.
అసలు దొంగ పై మెట్టు మీద కూర్చుని
కాళ్లూపుతూ నన్నే చూస్తున్నాడు.

నర్సాపురంలో, రేవుకి పోయే దారిలో,
మోటార్లు చుట్టే షాపు మీద నా గది.
కింద వార్నిష్ వాసన, రాగి తీగ, ఫణీంద్రగారి దగ్గు.
రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లకి
ఆయన పెట్టెలు బిగిస్తారు.
పెట్టె లోపలి గోరంత చిప్పుకి
నేను రాస్తాను, దాని సొంత యాసలో:
ఎత్తు. దించు. పోల్చు. దూకు.
నాలుగు కిలోబైట్ల జాగా.
హల్లుకి గుణింతం కూడా బరువయ్యే ఇరుకు.

నా ఎడిటరుకి ఆ యాస రాదు.
ఏం రాసినా అతిథిలా నవ్వి ఊరుకునేది.
అందుకే దానికో చేర్పు రాసి తగిలించాను.
సేవ్ నొక్కగానే అది వెళ్లి అసెంబ్లరుని తట్టి లేపుతుంది,
నిద్ర చెడిన అసెంబ్లరు గొణిగేదంతా ఏరుకొచ్చి
ఫలానా లైనన్న చోట గీత గీస్తుంది.
గీసింది కూడా.
పక్కింటి గుమ్మంలో.

ఆ పూటే పల్లాలమ్మ పిన్ని వచ్చింది
సీతారాంపురం నుంచి, చంకలో లేసుల మూట.
నలభై గడపల అల్లిక తనిఖీ చేసే మనిషి.
కన్ను తప్పిన చోట ఎర్ర దారం ముడేస్తుంది,
ఏజెంటు చూసేలోగా విప్పుకుని అల్లుకోమని.
నా గోలంతా విని, స్క్రీను వైపు చూడకుండానే అంది:
“వరసలు ఎక్కణ్ణించి లెక్కెడతన్నావే?
మొదటి గొలుసు వరస కాదు, పునాది.
దాన్ని లెక్కలో కలిపే పిల్లకీ, కలపని పిల్లకీ
ఎప్పుడూ ఒక్క వరస తగువే.”

అసెంబ్లరు ఒకటి నుంచి.
ఎడిటరు సున్నా నుంచి.
ఒకటి తీసేశాను.
ఎర్ర మెలిక మెట్టెక్కి
దొంగ కాళ్ల కింద చాప పరిచింది.
కామా లేదక్కడ. ఇంతా చేసి, ఒక కామా.
పిన్నికి టీ తెప్పించాను, రెండు సమోసాలు కూడా.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.

పెట్టె మొగల్తూరు వెళ్లింది, కాలవ దిగువ చెరువుకి,
ఒక్క ఎర్ర గీతా లేని కోడుతో.
లేదు కదా అని, ప్రతిసారీ చేసినట్టు
బకెట్టులో నీళ్లు పోసి, సెన్సారు ముంచి చూడలేదు.

రాత్రి రెండున్నరకి ఫోను. కాపలా ఏడుకొండలు.
“మేడంగారూ, మీ పెట్టి పడుకుందండి.
రొయ్య పైకి తేలతంది. చేత్తో స్విచ్చేసేశానండి.”
“ఆ చీకట్లో ఎలా చూశావు?”
“చూళ్లేదండి. ఫ్యాను చప్పుడాగితే
నాకు మెలకువొచ్చేత్తాదండి. ఆయ్.”

ప్రాణవాయువు తగ్గితే దూకాల్సిన చోట
పెరిగితే దూకమని రాశాను.
పదం సరి, కామా సరి, రిజిస్టరు సరి.
అసెంబ్లరు తలూపింది,
నా చేర్పు దాని తలనే చూసింది,
నేను నా చేర్పుని చూశాను.
గట్టు మీద ఒకడు మటుకు
కళ్లు మూసుకుని కాపలా కాశాడు.

తెల్లారగట్ల ఆ లైను దిద్దాను.
దాని పక్కన, చిప్పు ఎప్పటికీ చదవని వ్యాఖ్యలో,
ఇలా రాసిపెట్టాను:
ఏడుకొండలు ఇక్కడ లేచాడు.

ఎర్ర గీత కనిపిస్తే ఇప్పుడు నాకు కంగారు లేదు,
ఎవరో పలకరించినట్టుంటుంది.
పైనించి కిందిదాకా ఒక్క గీతా లేకపోతేనే
కుర్చీలోంచి లేచి, కిటికీ తీసి,
కింద మోటారు తిరుగుతోందా అని వింటాను.
ఫణీంద్రగారు దగ్గుతారు.
బకెట్టు పట్టుకుని కాలవకి దిగుతాను.